నడిచే మనిషి ఒక్కడున్నా

“అదిగో, గొడుగాయన!” అంది తల్లి కిటికీలోంచి చూస్తూ. “ఈ వీధిలో నరమానవుడు తిరగడం లేదన్నావుగా. చూడు మరి.”

కూతురు మడత పెడుతున్న చీర మంచం మీద పడేసి వచ్చింది. నిజమే. ఎదుటి గోడ వారగా నల్లగొడుగు ఒకటి మెల్లగా వెళ్తోంది. పైనుంచి చూస్తే గొడుగూ, దాని కింద కదిలే కాళ్ళూ తప్ప ఇంకేమీ కనబడలేదు.

“ఒక్క మనిషి కోసం రోజంతా కాపలా కాస్తావా అమ్మా?”

“ఒక్కడేమిటి! పొద్దున టోపీ ఆయన వెళ్ళాడు. ఇంకాసేపట్లో కోటాయన వస్తాడు. నడిచే మనిషి ఒక్కడున్నా ఈ కిటికీ వదలను. మీ నాన్నకూ అదే చెప్పాను.”

ఒకప్పుడు ఆ వీధిలో భుజాలు రాసుకోకుండా నడవడం కుదిరేది కాదు. బస్‌స్టాపు, పేపర్ల కొట్టు, టీ బండి, చెప్పులు కుట్టే ముసలాయన. అవన్నీ తీసేసి నగరపాలక సంస్థ కొత్త భవనం కట్టారు. గేటూ మెట్లూ పచ్చికా అవతలి రోడ్డుకు పెట్టి, ఇటు వీధికి తలుపూ కిటికీ లేని గోడ ఒకటి, నేలకిందినుంచి కార్లు దూసుకొచ్చే వాలుదారి ఒకటి ఇచ్చారు. ఫుట్‌పాత్ ఆ వాలు దగ్గరికొచ్చి తెగిపోయింది. బస్‌స్టాపు గేటు వెంట అవతలికి పోయింది, దాని వెంటే జనమూ పోయారు. ప్రజల సొమ్ముతో ప్రజల కోసం కట్టిన భవనం ప్రజలకే వీపు చూపించి కూర్చుంది. ఎవరిని తిట్టుకోవాలో కూడా ఆ వీధి వాళ్ళకు తెలియలేదు.

ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయినప్పటి నుంచి తల్లికి లోకమంటే ఆ కిటికీయే. నడక చూసి ఎవరికి జీతం అందిందో, ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చారో చెప్పేది. కింద దర్జీ కొట్టు నుంచి భోజనానికి పైకొచ్చిన భర్త అవన్నీ విని నవ్వేవాడు. గోడ లేచిన కొత్తలో ఆమె మాట్లాడటం మానేసింది, అన్నం ముట్టేది కాదు. తర్వాత ఒకరూ అరా మళ్ళీ కనబడసాగారు. ఆమె మళ్ళీ నాలుగు ముద్దలు తినసాగింది.

“నాన్న కొట్టు సంగతి నీకు తెలుసా?” కూతురు గొంతు పెంచింది. “కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు. కుట్టించుకున్నవాళ్ళు కూడా ఇంత చుట్టు తిరిగి ఎవడొస్తాడని బట్టలు వదిలేశారు. అన్నీ కొక్కేలకు వేలాడుతున్నాయి. మా ఇంట్లో గది ఖాళీగా ఉంది. పన్నెండో అంతస్తు, బోలెడంత గాలి.”

“అంత ఎత్తు నుంచి మనుషులు చీమల్లా కనబడతారే. ఏ చీమకు ఏ బాధో నాకేం తెలుస్తుంది?”

“వీళ్ళ బాధ మాత్రం నీకేం తెలుసు? పేర్లైనా తెలుసా? ఒక్కడైనా తలెత్తి నీ వంక చూశాడా?”

“చూడరు.” తల్లి నవ్వింది. “పాపం, వాళ్ళ తొందర వాళ్ళది.”

మధ్యాహ్నం దాటాక ఆమె మళ్ళీ ముందుకు వంగింది. “కోటాయన వచ్చాడు!”

“ఈ ఎండలో కోటా! పిచ్చివాడై ఉంటాడు,” అంది కూతురు తల తిప్పకుండానే.

“భుజాల దగ్గర వదులు. కుట్టు మాత్రం మంచి చేతిది,” అంది దర్జీ పెళ్ళాం.

అంతలో హారన్ మోగింది. బ్రేకులు కీచుమన్నాయి. తల్లి కెవ్వున అరిచింది.

కూతురు పరుగెత్తుకొచ్చేసరికి వాలుదారి మీద కారు అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు అద్దం దించి కేకలేస్తున్నాడు. “ఇటు నడిచేదెవరయ్యా! చూసుకోవద్దూ?” బూడిదరంగు కోటు ఒకటి గోడ పట్టుకుని లేచి, వెనక్కి చూడకుండా సందు మలుపు తిరిగిపోయింది.

“పడ్డాడే... మోకాలి మీద పడ్డాడు!” తల్లి పనిచేసే చేత్తో కిటికీ ఊచ పట్టుకుని సందు వైపు తొంగి చూస్తోంది.

“లేచి వెళ్ళిపోయాడుగా అమ్మా. ఎవరో దారినపోయేవాడి కోసం ఇంత ఏడుపా?”

కారు వెళ్ళిపోయింది. వీధి మళ్ళీ ఖాళీ అయింది. తల్లి కళ్ళు తుడుచుకుంది.

“సామాను సర్దవే. రేపే వెళ్దాం.”

నెలల తరబడి బతిమాలినా కదలని మనిషి ఆమె. మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని, కూతురు బండి మాట్లాడటానికి అప్పుడే బయల్దేరింది.

సాయంత్రం భర్త టీ గ్లాసులు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి పైకొచ్చాడు. ఒకటి ఆమె చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“వెళ్దామన్నావట?”

“అవునండీ.”

“నా కొట్టుదేముందిలే. అక్కడ నువ్వేం చూస్తావు? ఇక్కడైతే నీ టోపీ ఆయన, గొడుగాయన... ఇవాళ కూడా వచ్చారు కదూ?”

“వచ్చారు.”

“రేపూ వస్తారు. ఎండైనా వానైనా వస్తారు. నడిచే మనిషి ఒక్కడున్నా వదలనన్నావు.” ఆయన తన గ్లాసు కింద పెట్టాడు. “నువ్వు మళ్ళీ అన్నం మానేస్తే నేను చూడలేను.”

“తింటాను.” ఆమెకు దుఃఖం ఆగలేదు. “వాళ్ళు నడిచింది చాలండీ.”

ఆమె టీ గ్లాసు కిటికీలో పెట్టి, దిండు కింద నుంచి గాయాల మందు తీసి, ట్యూబు మూత పళ్ళతో విప్పింది.

“ఏదీ, ఆ మోకాలు ఇలా చూపించండి.”