మెషుల్లాము

"దావీదు వద్దు, దానియేలు వద్దు. వీధిలో ఒక కేక వేస్తే నలుగురు తిరిగి చూస్తారు," అన్నాడు అద్దాల కొట్టు యజమాని. "ఇంకెవరికీ లేని పేరు కావాలి పాస్టర్‌గారూ. అర్థం మాత్రం గట్టిగా ఉండాలి."

పాస్టర్ ఆ చర్చికి బదిలీ మీద వచ్చి ఇంకా నెల కాలేదు. హీబ్రూ చదువుకున్న మనిషి. పేర్ల సంగతి ఎత్తితే ఆయనకు ఆకలి కూడా గుర్తుండదు. గబగబా కుర్చీలు వేశాడు.

"బాబు మొదటివాడా?"

"రెండోవాడు." యజమాని గొంతు సవరించుకున్నాడు. "పెద్దవాడు చేతికి అందివచ్చాడు. కొట్టు వాడికి అప్పజెప్పి నేను కాళ్ళు చాపుకుందామనుకున్నా. మూడేళ్ళ కిందట సరుకు దింపుతుంటే అద్దపు పలకల చట్రం ఒరిగి మీద పడింది. అప్పటికి ఇరవై రెండేళ్ళు వాడికి."

పాస్టర్ చేతిలోని కలం కింద పెట్టాడు.

"ప్రభువు ఇచ్చాడు, ప్రభువే తీసుకున్నాడు," అన్నాడు మెల్లగా.

యజమాని తల దించుకున్నాడు. పక్కన కూర్చున్న భార్య ఏదో అనబోయి, ఒళ్ళోని పసివాడి టోపీ సరిచేసింది.

తాత పెట్టిన కొట్టు అది. వారసుడు లేకపోతే తమ్ముడి కొడుకుల పాలవుతుంది. వాళ్ళకి అద్దంలో ముఖం చూసుకోవడం తప్ప అద్దం కొయ్యడం రాదు. ఆ దిగులుతోనే నలభై నాలుగేళ్ళ భార్యని ఆస్పత్రుల చుట్టూ తిప్పి, ఈ బిడ్డని సంపాదించాడు.

"అర్థం ఎలాంటిదైతే బాగుంటుందంటారు?" అడిగాడు పాస్టర్.

"మా వ్యాపారంలో ఒక పద్ధతుందండీ. పలక దారిలో పగిలితే కంపెనీవాడు బదులు ఇంకోటి పంపుతాడు. మూల చిన్న బీట పడినా సరే, కాగితం మీద పగిలిందనే రాయాలి. కాస్త బాగానే ఉందని నీళ్ళు నమిలామా, బదులు రాదు. బీట పడ్డ పలకని పెట్టుకుని ఏం చేస్తాం, చెప్పండి? అలాంటి పేరేదైనా ఉందా?"

పాస్టర్ కళ్ళు మెరిశాయి.

"మెషుల్లాము."

"ఏమిటీ?"

"మెషుల్లాము. బదులు చెల్లించబడినవాడు అని. షాలోము అనే మాట ఏ వేరు నుంచి పుట్టిందో ఇదీ అక్కడి నుంచే. షాలోము అంటే శాంతి. లోటు పూడితేనే శాంతి అని హీబ్రూవాళ్ళ లెక్క. బిడ్డ పోయిన ఇంట్లో తర్వాత పుట్టిన మగపిల్లవాడికి ఈ పేరు పెట్టేవారని పండితులు అంటారు."

"ఎవరైనా పెద్దవాళ్ళు పెట్టుకున్నారా?"

"బైబిల్లో ఇరవైమంది దాకా కనిపిస్తారు. రాజులు లేరు లెండి. యాజకులు, పనివాళ్ళు. ఒకడు మాత్రం యెరూషలేము గోడ కూలిపోయి ఉంటే తన వంతు కట్టి నిలబెట్టాడు."

"గోడ నిలబెట్టాడా?" యజమాని తొడ మీద చరిచాడు. "ఇంకేం కావాలి! ఖాయం చేసెయ్యండి."

"ఏమండీ," అంది భార్య. "వేరే పేరేదైనా చూద్దామా?"

"దీనికేమొచ్చింది?"

"ఏం రాలేదు. బాగానే ఉంది. ఇంట్లో రోజూ పిలవాలి కదా."

"పెట్టేదే పిలవడానికి," అన్నాడు యజమాని, లేస్తూ.

ఆదివారం ఇంటి ముందు హాల్లో నలభైమంది చుట్టాలు చేరారు. యజమాని చెల్లెలు ఉయ్యాల దగ్గర నిలబడి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేం పేరు అన్నయ్యా, గొంతులో ముల్లు పడ్డట్టు! మాకు నోరు తిరిగేసరికి వీడికి మీసాలొస్తాయి."

"ముద్దుగా మెషూ అనవే."

"మెషూ అంటే పిల్లి వచ్చి పాలు తాగిపోతుంది."

అందరూ నవ్వారు. బాలింత నవ్వలేదు. చెల్లెలు గొంతు తగ్గించింది.

"వదినని చూశావా, ఎలా అయిపోయిందో? మూడేళ్ళుగా ఆస్పత్రికీ చర్చికీ తప్ప గడప దాటదు. కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."

"అందుకేగా వీణ్ణి తెచ్చుకుంది," అన్నాడు యజమాని. "ఎంతకాలమని పోయినదాన్నే పట్టుకు వేలాడతాం?"

పాస్టర్ లేచాడు. మైకు అవసరం లేని గొంతు ఆయనది. ఆ పేరు ఎంత అరుదైనదో చెప్పాడు. గోడ కట్టినవాడి కథ చెప్పాడు. ఆ తర్వాత పసివాడి తల మీద చెయ్యి పెట్టాడు.

"ఈ ఇంటి పెద్దకొడుకు మరణించాడు. ఆ లోటుకి బదులుగా దేవుడు ఈ బిడ్డని చెల్లించాడు. ఇకనుంచి ఈ ఇంటికి కొడుకంటే వీడే. వెళ్ళిపోయినవాడి ఆత్మశాంతి కోసం ఒక్క నిమిషం ప్రార్థిద్దాం."

చెల్లెలు ఉలిక్కిపడి అన్న వంక చూసింది. అన్న అప్పటికే చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. యజమాని తమ్ముడు దగ్గబోయి ఆపుకున్నాడు. నలభైమందీ ఒకరి తర్వాత ఒకరు తలలు వంచారు. బాలింత ఒక్కతే పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టర్‌ని ఎవరూ ఆపలేదు.

నిమిషం గడిచింది.

అందరికంటే ముందు, వెనక గదిలో మూడేళ్ళుగా దిగని మంచం మీద నుంచి, పెద్దకొడుకు "ఆమెన్" అన్నాడు.