సొంతదారు లేని గొంతు

“అయిదో జవాబుకి సున్నా ఎందుకేశారు సార్?”

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. సంగీత కళాశాలలో ఆయన గది అంటే రెండు కుర్చీలు, ఒక పాత స్పీకరు, కిటికీ దాకా పేర్చిన జవాబు పత్రాలు. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయిని క్లాసంతా ‘ప్రశ్నలపెట్టె’ అంటారు. ఆ పేరు పెట్టింది ఆయనే.

“ప్రశ్న ఏమిటి?” అన్నాడు.

“ఈ పాటలో ఆధునికోత్తర లక్షణాలు అయిదు గుర్తించి రాయమన్నారు. నాలుగు సరిగ్గానే రాశాను. పాత జానపదాన్నీ మిషను దరువునీ అతుకుల బొంతలా కుట్టడం. ఏడుపు మాటలకి చిందులేసే తాళం కట్టి వెక్కిరించడం. గొప్ప సంగీతం, వీధి సంగీతం అన్న గీత చెరిపెయ్యడం. మధ్యలో పాటగాడు ఆగి ‘ఈ చరణం కుదర్లేదు, మళ్ళీ’ అని, మనం వింటున్నది వట్టి పాటేనని గుర్తుచెయ్యడం.”

“బావుంది. అయిదోది?”

అయిదోది ఊరందరికీ తెలుసు. పాట మధ్యలో దరువు ఆగిపోతుంది. ఒక ఆడపిల్ల గొంతు ‘ఒక్కసారి ఫోనెత్తు’ అంటుంది. అదే ముక్క పదకొండుసార్లు తిరిగి తిరిగి వస్తుంది. ఆపైన దరువు విరుచుకుపడుతుంది. జనం చేతులెత్తి గెంతేది అక్కడే. కుర్రకారు దాన్ని రింగుటోనుగా కూడా పెట్టుకున్నారు.

“సొంతదారు లేని గొంతు అని రాయాలి. క్లాసులో చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అది ఎవరిదో, ఎవరితో అన్నదో మనకి అక్కర్లేదు. అసలు నుంచి తెగిపోయిన ముక్క అది. దాని వెనక మనిషి లేదు.”

“ఉంది సార్. నేను రాసిందీ అదే. అది నటన కాదు. ముక్క చివర్లో ఊపిరి బిగబట్టినట్టుంటుంది, వినండి. ఎవరో నిజంగా బతిమాలుతున్నారు.”

“దాన్ని జాలి అంటారు. లక్షణం అనరు.”

“పోనీ, ఆ అమ్మాయెవరో కనుక్కొస్తే మార్కులు వేస్తారా?”

మాస్టారు కళ్ళజోడు అందుకుని చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

“సోమవారం లోపల నేను చెప్పింది రాసి పట్రా,” అన్నాడు చివరికి. “లేకపోతే ఈ ఏడాది పోయినట్టే. వెళ్ళు.”

ఇంటికొచ్చి చెప్పుకుంటే, ఆసుపత్రిలో నర్సు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన తల్లి, కాళ్ళు నీళ్ళబకెట్లో పెట్టుకుని తల పట్టుకుంది.

“ఆయన చెప్పిందే రాసెయ్యవే! నీళ్ళల్లో ఉండి మొసలితో పగ దేనికి?”

“ఆరేళ్ళ నుంచీ ప్రతి బ్యాచికీ అదే పాట చెప్తాడటమ్మా. వేరే పాట పెట్టుకోమని ప్రిన్సిపాల్ అన్నా వినలేదట. ఏడాదికోసారి ఆ గొంతు వెనక మనిషే లేదని చెప్పందే ఆయనకి నిద్రపట్టదు కాబోలు. మనిషి కాదు, రాయి!”

“రాయో రప్పో, మార్కులేసేది ఆయనేగా.”

శనివారం పొద్దున్నే ఆమె ఆ పాట కట్టినవాణ్ణి వెతుక్కుంటూ పోయింది. టైర్ల దుకాణం మీద మేడగది. రికార్డింగుకి బయటి చప్పుడు అడ్డం రాకుండా కిటికీలకి పాత పరుపులు మేకులేసి కొట్టారు. మనిషికి నలభై లేవు గానీ తల సగం నెరిసింది.

“ఆ గొంతు ఎవరిదన్నా?”

“విలేకరివా?”

“కాదు, సంగీత కళాశాలలో చదువుతున్నాను. ఆ ముక్క దగ్గరే మా మాస్టారు సున్నా వేశారు.”

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. పొమ్మంటాడేమో అనుకుంది. కుర్చీ జరిపాడు.

“మా బృందంలో పాడేది. చిన్నప్పట్నించీ ఇంట్లోనే శాస్త్రీయం నేర్చుకుంది. అది వదిలేసి మాతో చిందుపాటలు పాడుతోందని పెద్ద గొడవైంది. గడప తొక్కొద్దన్నారు. నాలుగు నెలలు మా అక్క దగ్గరే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం, పాడుతున్నదల్లా ఆపేసి ఇంటికి ఫోను చేసింది. నేను మైకు ఆపడం మర్చిపోయాను. మళ్ళీ మళ్ళీ చేసింది. ఎత్తలేదు.”

“తర్వాత?”

“ఎత్తకపోతే మానె, నేనే పోయి తలుపు కొడతానంది. వానలో స్కూటరు తీసింది. వంతెన దాటలేదు. లారీ.”

కింద ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు.

“మరి ఆ గొంతు మీద జనం చేత గెంతులేయించారా?”

“నలుగురం కూర్చుని ఏడవడానికి కట్టుకున్న పాట తల్లీ. బయటికెళ్ళాక మన చేతిలో ఉంటుందా?”

“చివర్లో ఊపిరి బిగబట్టినట్టుంటుంది…”

“ఊపిరి కాదు. అక్కడ ఇంకో మాటుంది. ఇంటివాళ్ళని బజారుకీడ్చడం ఇష్టం లేక కోసేశాను.”

కంప్యూటర్లో వెతికి అసలుది వినిపించాడు. దరువు లేదు, ఏమీ లేదు. ‘ఒక్కసారి ఫోనెత్తు నాన్నా.’

ఆమె చున్నీతో కళ్ళు ఒత్తుకుంది.

“ఈ పాట ఉన్నట్టు ఆయనకి తెలుసా?”

“పాట వచ్చిన వారానికే వచ్చాడు. కొడతాడనుకున్నా. కొడితే బావుండుననుకున్నా. నువ్వు కూర్చున్న చోటే కూర్చుని మూడుసార్లు విన్నాడు. ‘ఇది ఎవరి గొంతో నాకు తెలీదు’ అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.”

“కన్నకూతుర్ని పట్టుకునా!” ఆమె దిగ్గున లేచింది. “ఎవరన్నా ఆయన? ఎక్కడుంటాడు? వెళ్ళి అడిగేస్తాను.”

అతను ఆమె మొహంలోకి చూడలేక తల దించుకున్నాడు.

“మీ మాస్టారే.”