పెద్ద గేటు నుంచి పోకు

ఆబిడ్స్‌లో ఆటో ఎక్కబోతున్న నర్మద చెయ్యిని ఎవరో వెనకనుంచి గట్టిగా పట్టుకున్నారు.

ఉలిక్కిపడి తిరిగి చూసింది.

అరవై ఏళ్లవాడు. నెరిసిన గడ్డం. నిద్ర ఎరగని కళ్లు.

"కోర్టుకేనా అమ్మా?" అన్నాడు.

తను షాపు వదిలి ఏ వేళకు బయల్దేరుతుందో భర్త ఎల్లేష్‌కూ, ఇన్‌స్పెక్టర్ అనురాధకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఖాళీ జాగా కనిపిస్తే కబ్జా చేసే ముఠాకు నాయకుడు తాతారావు. జాగా వదలనన్న ఒక పెద్దమనిషిని పట్టపగలు నర్మద కళ్లజోళ్ల షాపు ముందే పొడిచి చంపాడు. చూసినవాళ్లు చాలామందే. సాక్ష్యం చెప్తానన్నది మాత్రం ఆమె ఒక్కతే.

అప్పటినుంచీ రోజూ ఫోన్లు. కోర్టు గడప తొక్కలేవని బెదిరింపులు. పిల్లను అమ్మగారింట్లో దాచింది. వీధిలో బైకు ఆగితే చాలు, గుండె ఆగినట్టయ్యేది.

"చెయ్యి ఇడువు! ఎవరు నువ్వు?"

అతను వెంటనే వదిలేశాడు.

"చెప్తే పిచ్చోడంటవు. నేను ఇప్పటోణ్ణి కాదు. ఇంకా నలభై ఏండ్లకు వచ్చే కాలంకెళ్లి ఎనకకు వచ్చిన."

"ఏందీ?"

"గప్పుడు మనుషుల్ని ఎనకటి కాలానికి పంపే మిషన్ ఉంటది. వచ్చినోడు మళ్ల తిరిగి పోలేడు. అయినా వచ్చిన."

తాగి ఉన్నాడేమో అనుకుంది. వాసన మాత్రం రాలేదు.

"ఇయ్యాల కోర్టు పెద్ద గేటు కాడ నిన్ను పొడుస్తరు. గా గేటుకెళ్లి పోకు. ఎనక చిన్న గేటుంది, గాడికెళ్లి లోపటికి పో."

"నీకెట్ల తెలుసు?"

"చూసిన."

"గాడ ఉన్నవా నువ్వు?"

అతను తల దించుకున్నాడు.

"ఔ. ఉన్న."

పోలీసులుండేది పెద్ద గేటు దగ్గర. వెనక గేటు వైపు సందులో మనిషి అలికిడి ఉండదు. అక్కడికి రమ్మంటున్నాడంటే ఇంక చెప్పేదేముంది!

"తాతారావు పంపిండా నిన్ను?"

"సాక్ష్యం చెప్పొద్దంటలేనమ్మా. చెప్పు. గట్టిగ చెప్పు. గేటు ఒక్కటి మార్చుకో. జర నా మాట ఇను."

ఆమె గబుక్కున ఆటోలోకి దూరింది. "భయ్యా, జల్దీ పోనియ్!"

అతను ఆటో వెంట పరుగెత్తాడు. రొప్పుతూ, మనుషుల్ని తోసుకుంటూ.

ఫోన్ తీసి అనురాధకు కలిపింది.

"మేడమ్, ముసలోడొకడు ఎంబడి పడ్డడు. ఎనక గేటుకెళ్లి పొమ్మంటున్నడు."

"అస్సలు వెళ్లకండి నర్మదా. పెద్ద గేటు దగ్గర మఫ్టీలో మావాళ్లిద్దరున్నారు. ధైర్యంగా రండి. నేను లోపలే ఉన్నా" అంది అనురాధ.

నాంపల్లి స్టేషన్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ఎందుకో పక్కకు చూసింది. ముసలాయన ఆటో కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయాసంతో రొప్పుతున్నాడు. రెండు చేతులూ జోడించాడు.

నర్మద కెవ్వున అరిచి అటు పక్కకు జరిగిపోయింది. ఆటో కదిలింది.

కోర్టు ముందు దిగింది. నల్లకోట్లు, కేసులకొచ్చిన జనం, చాయ్ తాగుతున్నవాళ్లు. ప్రతి ముఖమూ తననే చూస్తున్నట్టుంది. గేటు నాలుగడుగుల దూరంలో ఉంది.

వెనక నుంచి అరుపు. "ఆగు బిడ్డా!"

మళ్లీ అతనే.

"గాయినే సార్! పట్టుకోండ్రి!" అని చెయ్యి చూపించింది నర్మద.

మఫ్టీలో ఉన్న ఇద్దరూ అటు పరుగెత్తారు. ముసలాయన్ను పట్టుకుని చేతులు వెనక్కి విరిచారు.

గేటు దగ్గర ఆమె ఒక్కతే మిగిలింది.

అప్పుడే ఫైలు పట్టుకున్న కుర్రవాడొకడు జనంలోంచి ఆమె వైపు నడిచి వచ్చాడు. ఫైలు జారింది. దాని చాటున కత్తి మెరిసింది. నర్మద వెనక్కి అడుగేసింది.

ముసలాయనకు అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! ఇద్దర్నీ విదిలించుకుని దూకాడు. కత్తికి అడ్డం పడ్డాడు.

పారిపోవాల్సిన కుర్రవాడు, కూలిపోతున్న ముసలాయన ముఖం చూస్తూ కొయ్యలా నిలబడిపోయాడు. పోలీసులు రెక్కలు పట్టుకున్నా కదల్లేదు.

నర్మద కూలబడి ముసలాయన తలను ఒళ్లోకి తీసుకుంది. "ఎవరు నువ్వు? నీ పేరన్న చెప్పు!"

"పో బిడ్డా... టైమయితుంది... సాక్ష్యం చెప్పు."

రక్తం మరకల చీరతోనే ఆమె బోనెక్కింది. తాతారావు కళ్లలోకి చూస్తూ, వేలు చూపించి, చూసిందంతా చెప్పింది. గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు.

సాయంత్రం దవాఖానకు వెళ్లేసరికి ఆయన ప్రాణాలతో లేడు.

మర్నాడు స్టేషన్‌కు వెళ్లింది.

"ఆయన్ను పట్టించింది నేనే మేడమ్" అంది ఏడుస్తూ. "ఇంటోళ్లెవరో తెలిస్తే కాళ్లమీద పడుత."

అనురాధ లాకప్ వైపు చూసింది. అక్కడ ఆ కుర్రవాడు గోడకు ముఖం తిప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"పొరపాటేమోనని మళ్లీ మళ్లీ తీయించాను నర్మదా" అంది మెల్లగా. "చనిపోయిన ఆ పెద్దాయన వేలిముద్రలూ, వీడి వేలిముద్రలూ... ఒక్కటే."