మూడో సైకిలు

“రెండు సైకిళ్ల రాక్ చాలు సార్! ఇంత చిన్న కారుకి మూడు సైకిళ్లదా? పిట్ట కొంచెం, మూట ఘనం అన్నట్టుంటుంది,” అన్నాడు దుకాణదారు.

పెద్దాయన వినిపించుకోలేదు. మూడు సైకిళ్ల రాక్‌ను రెండు చేతులా పట్టుకుని, బలం కొద్దీ కిందికి నొక్కి చూస్తున్నాడు. జీవితమంతా లారీ నడిపినవాడు. సరుకు కట్టే విషయంలో బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా ఆయన ఒప్పుకోడు.

“పోనీ, కారు పైన బిగించేది చూపించమంటారా?”

“వద్దు. పైన సైకిళ్లున్న సంగతి మర్చిపోయి ఎత్తు తక్కువ గేటులోకి దూరిస్తే సైకిళ్లూ పోతాయి, కారు కప్పూ పోతుంది. పైగా అమ్మాయికి అంతెత్తు అందదు. వెనక తగిలించేదే ఇవ్వండి. మూడుది.”

అమ్మాయి బయట కారు పక్కన నిలబడి ఉంది. కారు నిండా సామాను. ఇటునుంచి ఇటే ప్రయాణం. కొత్త ఊరు, కొత్త ఇల్లు, నెల క్రితం పెళ్లాడిన భర్త. ఆయన లెక్కల మాస్టారు, కొత్త ఊళ్లోనే ఉద్యోగం. పొద్దున పెద్దాయన భార్య ఆ పిల్లను పట్టుకుని ఏడ్చిన ఏడుపుకి ఇరుగుపొరుగు కూడా కళ్లు తుడుచుకున్నారు. పెద్దాయన మాత్రం ఏడవలేదు. తనూ ఏడిస్తే ఆ పిల్ల కారెక్కదని ఆయన భయం.

దుకాణం గోడకు మూడు సైకిళ్లు ఆనించి ఉన్నాయి. అమ్మాయిదొకటి, మాస్టారిదొకటి. మూడోది నీలం రంగు పాత సైకిలు. దాన్ని ఇంటి దగ్గర్నుంచి పెద్దాయన ఎక్కకుండా నడిపించుకుంటూ తెచ్చాడు.

“ఇంతకీ ఆ మూడోది ఎవరికండీ?” అడిగాడు దుకాణదారు.

పక్కనే ఉన్న మాస్టారు తల దించుకున్నాడు. పెద్దాయనే, “చుట్టాలొస్తే పనికొస్తుంది,” అన్నాడు.

ఆ మాట చెవినపడి అమ్మాయి లోపలికి వచ్చింది. “అది వద్దని నిన్ననే చెప్పాను కదా! మళ్లీ ఎందుకు తెచ్చారు?”

“గొలుసుకి నూనె పెట్టాను తల్లీ. బ్రేకులు కూడా కొత్తవి వేయించాను.”

“నేనంటున్నది అది కాదు.”

“మరేంటమ్మా?”

“రోజూ దాన్ని చూస్తూ నేనక్కడ ఎలా ఉండాలి?” గిరుక్కున తిరిగి బయటికి వెళ్లిపోయింది.

“ఏమనుకోకండి సార్. పుట్టింటి వస్తువు కళ్లెదురుగా ఉంటే బెంగ ఎక్కువవుతుంది. మా చెల్లెలూ ఇంతే,” అని సర్దిచెప్పాడు దుకాణదారు.

పెద్దాయన రాక్ మీంచి చెయ్యి తీసేశాడు. నిజానికి ఆయనదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఆ సైకిలు వెళ్తే, దానికి నూనె పెట్టే వంకతోనైనా అప్పుడప్పుడూ వాళ్ల గుమ్మం తొక్కవచ్చు. ఏ వంకా లేకుండా ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు? వాళ్లది కొత్త కాపురం. ముసలాడు ఊరికే వచ్చి కూర్చుంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? కానీ ఆ పిల్లను చూడకుండా రోజులు ఎలా వెళ్లదీయాలో ఆయనకు తెలియడం లేదు.

“సరేలెండి, రెండుదే ఇవ్వండి,” అన్నాడు.

“మూడుదే బిగించండి.”

అన్నది మాస్టారు.

“వద్దు బాబూ, అమ్మాయి బాధపడుతోంది.”

“నేను మాట్లాడతాను మావయ్యగారూ.”

బయట వాళ్లిద్దరూ ఏమనుకున్నారో అద్దాల తలుపు ఇవతలికి వినిపించలేదు. అమ్మాయి ముందు తల అడ్డంగా ఊపింది. మాస్టారు ఇంకేదో చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చింది. నీలం సైకిలును తనే తోసుకుంటూ కారు దగ్గరికి తీసుకెళ్లింది.

రాక్ బిగించి సైకిళ్లు ఎక్కించాక పెద్దాయన జేబులోంచి తాడు తీశాడు.

“ఈ పట్టీలొక్కటే నమ్ముకుంటే లాభం లేదు బాబూ. ముందు చక్రం వదులుగా ఉంటే హ్యాండిల్ తిరిగి కారంతా గీకేస్తుంది. చక్రాన్ని ఇలా ఫ్రేముకి కట్టెయ్యాలి. ఇటు లాగితే బిగుస్తుంది, ఈ కొస లాగితే ఊడుతుంది. ఏదీ, నువ్వు కట్టు.”

మాస్టారు కట్టిన ముడి ముట్టుకోగానే ఊడింది. మళ్లీ కట్టాడు, మళ్లీ ఊడింది. “లెక్కలు చెప్పినంత తేలిక కాదు,” అని నవ్వాడు పెద్దాయన. ఆఖరికి ఎలాగో కుదిరింది.

“మావయ్యగారూ, ఈ సైకిలు నేను తొక్కను. మీరొచ్చినప్పుడు మీరే తొక్కాలి,” అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

“నేను... రావచ్చా బాబూ?”

దుకాణదారు పకపకా నవ్వాడు. “భలేవారే! పిల్లనిచ్చిన మామగారికి అనుమతి కావాలా?”

మాస్టారు నవ్వలేదు. “తప్పకుండా రావాలి. మీరు రాకపోతే మేమే వచ్చి తీసుకెళ్తాం,” అన్నాడు.

అమ్మాయి పెద్దాయన భుజానికి తల ఆనించింది. “మందులు మానేయకండి,” అంది. ఆయన ఆమె తల నిమిరి, కారు తలుపు తనే తెరిచి పట్టుకున్నాడు.

కారు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆయనకు వెనకున్న నీలం సైకిలే కనిపించింది. అది కనుమరుగయ్యాక దుకాణం మెట్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

దుకాణదారు కంగారుగా మంచినీళ్లు తెచ్చాడు. “ఊరుకోండి సార్. కూతుర్ని కన్నాక పంపక తప్పుతుందా? ఏ తండ్రికైనా ఇంతే.”

పెద్దాయన నీళ్లు తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు.

“కూతురు కాదు బాబూ, పోయిన నా కొడుకు భార్య.”