నెత్తి మీద ఒట్టు

"సరిగ్గా చూసి చెప్పు, పిన్నమ్మా. ఈ కుర్రాడు నీకు తెలుసా?"

శంకరరావు ఫొటోను అచ్చియమ్మ కళ్ళకు దగ్గరగా పెట్టాడు. అతను బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ. పక్కన ఇనప కుర్చీలో, ఇంగ్లండు నుంచి వచ్చిన హెలెన్ అనే అమ్మాయి కూర్చుంది. ఆమె చూపు ఫొటో మీద లేదు. అచ్చియమ్మ ముఖం మీదే ఉంది.

"నాకు తెల్దు బాబూ."

"అదేటి? డాల్టన్ దొర బంగళాలో ఇరవై ఏళ్ళు ఆయాగా ఉన్నావు. దొర కొడుకు తెలీకపోవడమేటి?"

"ఆ ఇంటికి వచ్చేవోళ్ళు, పోయేవోళ్ళు బోలెడుమంది. ఎవుల్నని గుర్తెట్టుకుంటాను?"

ఫొటో అందుకోకుండా ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది. పందొమ్మిది వందల నలభై ఆరులో, బొంబాయి మెయిల్ కదలబోతుండగా, ఈ కుర్రాడు ఆమె చేతిని తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. ఎవరడిగినా, ఎప్పుడడిగినా, నేనెవరో నీకు తెలీదని చెప్పాలి అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె ఆ అడిగేవాళ్ళు వస్తారేమోనని భయపడుతూనే ఉంది. గుమ్మం ముందు కొత్త చెప్పులు కనబడితే ఇప్పటికీ వెనక గుమ్మంలోంచే లోపలికి వెళుతుంది.

హెలెన్ ఇంగ్లీషులో చెబుతుంటే శంకరరావు తెలుగులో చెప్పుకొచ్చాడు. ఆ కుర్రాడు లండన్ వెళ్ళి పేరు మార్చుకుని క్లైవ్ మెరిడన్ అయ్యాడు. హోటల్ బ్యాండులో పాడాడు, రేడియోలో పాడాడు, ఆరేళ్ళలో పెద్ద గాయకుడయ్యాడు. మైకు దగ్గర నిలబడి చెవిలో చెప్పినట్టు మెల్లగా పాడేవాడట. అతని పాట వినడానికి ఆడవాళ్ళు వానలో తడుస్తూ నిలబడేవారట. తాను లండన్‌లోనే పుట్టానని, ఇండియా మొహమే చూడలేదని పత్రికలన్నిటికీ చెప్పుకున్నాడు. ఇండియా మనిషని తెలిస్తే ఆ రోజుల్లో ఒక్క హాలువాడు కూడా పిలిచేవాడు కాదు. తర్వాత గిటార్ల కుర్రాళ్ళు వచ్చారు. ఇతని రికార్డులు ఆగిపోయాయి. చివరికి సముద్రం ఒడ్డున ఉన్న హోటళ్ళలో, భోంచేసేవాళ్ళ ముందు పాడుకున్నాడు.

అచ్చియమ్మ గోడకేసి చూస్తూ వింది. ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం డాన్సులకు రికార్డులు పెడితే, వెనక వరండాలో నిలబడి ఆ గొంతు గుర్తుపట్టి విన్న రోజులున్నాయి. ఏ రికార్డు అతనిదో తెలుసుకోవడానికి, దాని మీది కొత్త పేరులో ఉన్న ఇంగ్లీషు అక్షరాలు తనంతట తానే నేర్చుకుంది. హోటళ్ళ సంగతి మాత్రం ఇప్పుడే వినడం. భోంచేసేవాళ్ళు తలెత్తి వినేవారా అని అడగాలనిపించింది. అడగలేదు.

హెలెన్ సంచిలోంచి ఒక రికార్డు తీసి మంచం మీద పెట్టింది. అచ్చియమ్మ చెయ్యి దానంతటదే కొంగులోంచి బయటికి వచ్చి, దాని మీది పేరు తిన్నగా కనబడేలా తిప్పింది.

శంకరరావు చూశాడు. "నీకు ఇంగ్లీషు చదవడం వచ్చా?"

"నాకేటొస్తాది బాబూ. కిరీటం బొమ్మ తలకిందులుగా ఉందని తిప్పాను."

కోడలు తనూజ టీ గ్లాసుల పళ్ళెం మంచం మీద పెట్టింది. "బోల్ దో నా, అత్తా. తెలుసని చెబితే నీ సొమ్మేం పోతుంది?"

శంకరరావూ అదే అన్నాడు. ఆ రోజుల్లో బంగళాల్లో పనిచేసినవాళ్ళందరినీ తామిద్దరూ వెతికి అడుగుతున్నారట. ఇప్పుడు దగ్గర్లోని కోటాలో ఉంటున్న మంగాయమ్మ, ఫొటో చూడగానే ఎత్తుకు పెంచింది తనే అందట. బెల్తరా ఊళ్ళో ఒకామె పాట నేర్పింది కూడా తనేనందట.

"ఆవిడ పాడి వినిపించింది కూడా. అచ్ఛా, అందుకేనా ఆయన దేశం వదిలి పారిపోయింది అనుకున్నాను," అని నవ్వాడు.

అచ్చియమ్మ నవ్వలేదు. "ఆళ్ళకి తెలిసుంటాది. నాకు తెల్దు."

హెలెన్ అతనితో మెల్లగా ఏదో చెప్పింది. శంకరరావు నవ్వు ఆగిపోయింది.

"ఆయన పోయారట, పిన్నమ్మా. మొన్న మార్చిలో. గొంతులో క్యాన్సర్. చివరి ఏడాది మాట కూడా లేదట, ఏం కావాలన్నా కాగితం మీద రాసేవారట. ఈ అమ్మాయి ఆయన కూతురు."

రైలింజన్ల షెడ్ వైపు ఏదో ఇంజను పెట్టెల్ని అటూ ఇటూ నెడుతూ షంటింగ్ చేస్తోంది. ఆ చప్పుడు ఆగేదాకా అచ్చియమ్మ కదల్లేదు. మనిషి పోయినా పేరుంది కదా, ఒట్టు ఆ పేరుకీ ఉంటుంది కదా అనుకుంది. ఆ పిల్ల ముఖంలో ఎవరి పోలికలున్నాయో చూడకుండా తల తిప్పుకుంది. టీ గ్లాసు తీసి హెలెన్ ముందుకు జరిపింది. టీ ఒక్క చుక్క తొణకలేదు.

"అయ్యో పాపం," అంది. "ఎవులు కన్న బిడ్డో."

ఆ మాటను శంకరరావు ఇంగ్లీషులో చెప్పగానే హెలెన్ లేచింది. వెళ్ళిపోతుందనుకుని అచ్చియమ్మ ఊపిరి పీల్చుకుంది.

హెలెన్ వెళ్ళలేదు. మంచం పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. శంకరరావుతో రెండు ముక్కలు చెప్పింది. అతను ఆమెను మళ్ళీ చెప్పమని అడిగి, అప్పుడు అచ్చియమ్మ వైపు తిరిగాడు.

"తెలుసన్నవాళ్ళకి దండం పెట్టి వచ్చెయ్యమన్నారట వాళ్ళ నాన్న. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళుండి కూడా తెలీదనే మనిషి ఒకరుంటారు, ఆవిడకి మాత్రం ఈ కాగితం చదివి వినిపించమన్నారట."

కాగితం మీద అక్షరాలు ఇంగ్లీషువి. ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ హెలెన్ చదివింది. మాటలు మాత్రం తెలుగువి.

"ఒట్టు తీసి గట్టు మీదెట్టెయ్యి, అమ్మా. నన్ను కన్నది నువ్వేనని నా కూతురికి చెప్పెయ్యి."