జాంబ్రా

“జాంబ్రా. ఇది మా స్పెయిన్‌లో ఒక నాట్యం. ఈ మాట ఏ భాషలోంచి వచ్చింది? అసలు అర్థం ఏమిటి?”

ఇగ్నాసియో ఆఖరి ప్రశ్న వెయ్యగానే అబూ హమూర్ పేట స్కూలు హాల్లో పిల్లల క్విజ్ చూస్తున్నవాళ్ళంతా ముందుకి వంగారు. ధాత్రి, అమర్ మార్కులు సమానం. ఇది చెప్పినవాళ్ళకి ఇగ్నాసియో కంపెనీ ఖర్చుతో స్పెయిన్ ప్రయాణం.

ముందు వరసలో ధాత్రి తండ్రి వేణుగోపాలరావు మాత్రం హాయిగా వెనక్కి వాలాడు. ఈ ప్రశ్న ముందుగా చూసింది క్విజ్ కమిటీలో ఇద్దరే. తనూ, పక్కనే కూర్చున్న అమర్ తండ్రి రామాంజులూ. ఎవరికీ చెప్పబోమని పదిరోజుల కిందట దేవుడి పటం ముందు ఒట్టేశారు. రామాంజులు ఒట్టంటే ఒట్టే, అంత చాదస్తుడు. వేణుగోపాలరావు ఒట్టు మాత్రం నిన్న సాయంత్రం కారెక్కేవరకే నిలిచింది. జవాబు కూతురి చేత అప్పజెప్పించుకున్నాడు కూడా.

“ధాత్రీ?”

ధాత్రి తండ్రి వంక చూసి తల దించుకుంది. “పాస్, సర్.”

వేణుగోపాలరావూ గబుక్కున ముందుకి వంగాడు. ఇంకా టైముంది, ఆలోచించమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ పిల్ల మళ్ళీ ఇటు చూస్తే కదా.

“అమర్?”

అమర్ కాసేపు మైకుని అటూ ఇటూ తిప్పాడు. “పాస్, సర్.”

ఇగ్నాసియో నిట్టూర్చాడు. “అరబ్బీ మాట. జమ్ర్, అంటే సన్నాయి ఊదడం. కాదు, రాత్రిళ్ళు చేరి కబుర్లాడుకునే సమర్ నుంచి వచ్చింది అనేవాళ్ళూ ఉన్నారు. ఏది చెప్పినా మార్కు ఇచ్చేవాణ్ణి. అరబ్బు దేశంలో పెరుగుతూ తెలియకపోతే ఎలా?”

అప్పటికప్పుడు ఇంకో కొత్త ప్రశ్న వేశాడు. అమర్ టక్కున చెప్పి గెలిచాడు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ధాత్రే.

రామాంజులు భుజం తట్టాడు. “పిల్లోళ్ళు గదా రావుగారూ, ఒగోసారి తట్టదు. ఇంటికి పోయినాక ఏమీ అనొద్దండి.”

కన్నకొడుక్కి కూడా ఒక్క ముక్క చెప్పని మనిషి. వేణుగోపాలరావుకి సిగ్గేసింది. ఆ సిగ్గంతా కారులో కోపమై కూతురి మీద పడింది.

“అంత చదివించి పంపితే పాస్ అంటావా? మర్చిపోయావా?”

“లేదు నాన్నా. నిన్ననే అమర్‌కి ఫోన్ చేశాను. ఆ ప్రశ్న నాకు ముందే తెలిసిపోయింది, వస్తే పాస్ అంటానని చెప్పేశాను.”

వేణుగోపాలరావు కారు పక్కకి తీసి ఆపేశాడు. “వాడు వాళ్ళ నాన్నకి చెప్పేశాడా?”

“లేదు. ‘అయితే నేనూ పాసే అంటాలే, మా నాన్న పోయిన వారమే చెప్పేసినాడు’ అన్నాడు.”