చల్లారిన పళ్ళెం

గొర్రెపిల్ల తొడ మీద కొవ్వు తెల్లగా పేరుకుపోతూ ఉంటే, రోఫ్రెడో దొర గుటకలు మింగుతూ చూస్తున్నాడు. ఎదురుగా పంతలేయో అందులోనే మెత్తని ముక్కలు ముందుగా కోసుకుని, వేడిగా ఉండగానే ఊదుకుంటూ తినేశాడు. దొర తిండిలో విషం ఉందేమో తిని చూడడం అతని పని. అతను తిన్నాక కొవ్వొత్తి దానికి గుచ్చిన మేకు దాకా కరగాలి. అప్పటికీ అతను నిలబడి ఉంటే దొర తినవచ్చు.

"ఇంకెంతసేపురా?"

"మేకు ఇంకా దూరంగానే ఉంది దొరా. కొన్ని విషాలు నింపాదిగా ఎక్కుతాయట."

దొరసాని గైటా నవ్వాపుకుంది. "కొండ కింద గాడిదలు కాసుకునేవాడు కూడా వేడివేడిగా తింటున్నాడండీ. మనకే, పొయ్యి ఉన్నా లేనట్టు."

దొరకు ఒళ్ళు మండింది. తండ్రి పోయి, ఇటలీ దేశపు పూలియా కొండల్లోని ఈ కోట చేతికొచ్చిన నాటి నుంచి ఇదే తంతు. పక్క కొండ దొరలతో సరిహద్దు తగువు ముదిరిన రోజులవి. గుర్రపుసాలలో పేడ ఎత్తే ఈ పంతలేయో పరుగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడ్డాడు. తండ్రిగారి ముద్దుల పిల్లి, ఆ ఎడమ చెవి తెగినది, దొర కోసం వండిన చిక్కుడు ముద్దలో మూతిపెట్టి గిలగిలా కొట్టుకుని చచ్చిందన్నాడు. చూస్తే దొర తట్టుకోలేడని తానే పాతిపెట్టి వచ్చానన్నాడు. ఇకపై ప్రతి పళ్ళెమూ ముందు తానే తింటానని ఏడ్చాడు. అంతే, పాపం, దొర నాలుక మళ్ళీ వేడి ఎరగదు.

ఆ పూట దొర పళ్ళెం తోసేశాడు. "చస్తే చస్తాను. రేపటి నుంచి ముందు నేనే తింటా. నువ్వు పోయి గుర్రాలను చూసుకో."

పంతలేయో కళ్ళు తుడుచుకున్నాడు. "నేను పోతే నా ఒక్క కొంపలో దీపం ఆరుతుంది దొరా. మీరు పోతే ఈ కొండంతా దిక్కులేనిదైపోతుంది."

దొర పళ్ళెం మళ్ళీ దగ్గరకు లాక్కున్నాడు. గడ్డకట్టిన కొవ్వునే మింగాడు.

మర్నాడు పంతలేయో రాలేదు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడని కబురొచ్చింది. తనకు పెట్టిన విషం ఆ పిచ్చివాడికి తగిలిందనుకున్నాడు దొర. నిన్న సగం తొడ లాగించాడు కదా, అజీర్తేమోనని గైటా అంటే కసురుకున్నాడు. పొగలు కక్కుతున్న పులుసు ముందున్నా ముట్టలేదు. రొప్పుకుంటూ కొండ దిగి, జన్మలో ఎన్నడూ తొక్కని పంతలేయో రాతి గుడిసె గడప తొక్కాడు.

"నా కోసం ప్రాణం పోగొట్టుకుంటున్నావట్రా, పంతలేయో" అంటూ తలుపు నెట్టాడు.

పొయ్యి పక్కన, చెవి తెగిన పిల్లి బలిసి పడుకుని ఉంది.